సర్పంచ్‌కు చోటు లేని పెట్టె

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. మార్కెట్ యార్డులో వడ్ల బస్తాకు తాలు కింద ఇంత, తేమ కింద ఇంత అని తరుగు తీసినట్టు, మా ఇంట్లో నా మాటకు తరుగు తీసే వింటారు. దారిలో తాచుపాము కనపడిందని చెబితే మా ఆవిడ దాన్ని వానపాము దాకా తగ్గించుకుని, అప్పుడు తీరిగ్గా "అయ్యో" అంటుంది. మీరూ అలాగే వినండి, నాకేం చిన్నతనం లేదు. కాకపోతే ఒక చిక్కుంది. నేను పనిచేసిన ఫ్యాక్టరీ గురించి ఎంత పెంచి చెబుదామన్నా, అది నాకంటే ముందే పెరిగి కూర్చుంటుంది.

పాశమైలారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ అది. అక్కడి గాలికి ఇత్తడి బతకదు. పొద్దున గేటు దగ్గర జేబులో వేసుకున్న తాళంచెవి క్యాంటీన్ దాకా వచ్చేసరికి పచ్చటి నాచు పట్టేది. మా షెడ్డు మీద వాలే కాకులు రంగు మారి ఇటుకపొడిలా అయ్యాయి. పక్క ఊరు కర్దనూర్ కాకులు వాటిని తమ పంక్తిలో కూర్చోనిచ్చేవి కావు. కొత్తగా చేరిన బిహార్ కుర్రాడు మొదటి రోజు తెల్ల బనీనుతో లోపలికి వెళ్ళి, సాయంత్రం పసుపు బనీనుతో బయటికి వచ్చి, తనది ఎవరో మార్చుకున్నారని సెక్యూరిటీతో గొడవపడ్డాడు.

నేను అక్కడ మీటర్లూ సెన్సర్లూ బాగుచేసే మెకానిక్‌ని. కాంట్రాక్టు మనిషిని. కాంట్రాక్టు వాళ్ళకు పసుపు పాసు, పర్మనెంట్ వాళ్ళకు నీలం పాసు. నీలం పాసుకు కంపెనీ బస్సు ఉంది. మేము రోడ్డు పక్కన షేర్ ఆటో కోసం చెయ్యి చాపి నిలబడి ఉంటే, సగం సీట్లు ఖాళీగా ఉన్న ఆ బస్సు మా మీద దుమ్ము పోస్తూ వెళ్ళిపోయేది. అందులో కిటికీ పక్కన మా బావ కూర్చునేవాడు. మా అక్క మొగుడు, రియాక్టర్ ఆపరేటర్, నీలం పాసు. నన్ను చూసి చెయ్యి ఊపేవాడు కూడా. ఊపకపోయినా బాగుండేది.

పర్మనెంట్ కావడం తప్ప ఆ రోజుల్లో నాకింకో కోరిక లేదు. చుట్టాల ఇళ్ళలో ఎవరైనా "చిన్నోడిది ఎట్లున్నది?" అని అడిగితే, మా అమ్మ తల వంచుకుని "ఇంక కాలే" అనేది. ఏం కాలేదో ఎవరూ అడిగేవారు కాదు. అందరికీ తెలుసు.

రియాక్టర్ అంటే భయపడకండి. అది మూత బిగించిన పెద్ద గంగాళం. లోపల ఒక కవ్వం తిరుగుతుంటుంది. గంగాళం చుట్టూ ఇంకో తొడుగు, అందులో చల్లటి నీళ్ళు పారుతుంటాయి. పైనుంచి యాసిడ్ చుక్కలు చుక్కలుగా పడాలి. కవ్వం తిరుగుతుండాలి, నీళ్ళు పారుతుండాలి, వేడి హద్దు దాటకుండా ఉండాలి. ఈ మూడూ సరిగ్గా ఉంటేనే యాసిడ్ వాల్వ్ తెరుచుకోవాలి. ఏ ఒక్కటి తప్పినా మూసుకోవాలి.

ఈ తీర్పు చెప్పడానికి గోడకు ఒక ఇనుప బీరువా ఉండేది, దాన్నిండా రిలేలు. రిలే అంటే కరెంటు రాగానే టక్కుమని అతుక్కునే చిన్న స్విచ్చి. కానీ అక్కడి గాలి ఇత్తడినే తినేది, రిలేల లోపలి రాగిని వదులుతుందా? నీళ్ళు పారుతున్నా పారడం లేదని, కవ్వం తిరుగుతున్నా ఆగిందని దొంగ సాక్ష్యం చెప్పేవి. వాల్వ్ మూసుకునేది, సరుకు చెడేది, షిఫ్ట్ ఇన్‌చార్జి నోరు తెరిచేవాడు.

అందుకని ఆపరేటర్లందరి జేబుల్లోనూ జానెడు తీగ ఉండేది. దాని రెండు కొసలకూ మొసలి నోటి క్లిప్పులు. బీరువా తలుపు తీసి, సరైన చోట ఆ తీగ తగిలిస్తే రిలేలు ఏం మొత్తుకున్నా వాల్వ్ తెరిచే ఉండేది. దాని పేరు సర్పంచ్. ఎవరి గోడూ వినకుండా తీర్పు చెప్పేస్తుంది కనుక. షిఫ్టు మారేటప్పుడు ఒకరికొకరు నమస్తే చెప్పుకునేవారు కాదు.

"సర్పంచ్‌ను పెట్టిన్రా?"

"పెట్టినం. తీయకుండ్రి."

నిజంగానే నీళ్ళు ఆగిపోయిన రోజున కూడా సర్పంచ్ అలాగే ఉండేవాడు. మా బావ సర్పంచ్ అందరి వాటికంటే పొడుగు. దసరాకు పానాలతో, సుత్తెలతో పాటు దానికీ బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసేవాడు.

మా మెయింటెనెన్స్ మేనేజర్‌కు రిలేలంటే కడుపులో మంట. ఎక్కడో చదివాడు, ఇప్పుడు ఈ తీర్పులన్నీ వేలిగోరంత చిప్‌లో రాసుకోవచ్చని. స్టీలు పెట్టెలో పెట్టి రబ్బరు బిగించి మూసేస్తే గాలి దూరదని. నన్ను పిలిచాడు.

"అమీర్‌పేటలో నేర్పుతున్నారట. నీ వీక్లీ ఆఫ్‌లో వెళ్ళి నేర్చుకురా. చేసి చూపించావంటే నీ పర్మనెంట్‌కు నేనే రాస్తాను."

సెలవు నాది, బస్సు కిరాయి నాది, విద్య మాత్రం కంపెనీది. అయినా ఎగిరి గంతేశాను.

అమీర్‌పేటలో ఆ గది ఇరవై మందికి కట్టింది. మేము రెండు వందల మందిమి ఉన్నాం. ఒకడు యూపీఎస్ మీద కూర్చునేవాడు, ఒకడు కిటికీ సజ్జ మీద. నా భుజం మీద ఎవరిదో పుస్తకం తెరిచి ఉండేది, పేజీ తిప్పాలంటే నన్ను అడిగేవాడు. చెప్పేది వరంగల్ వైపు కుర్రాడు, నాకంటే చిన్నవాడు. మొదటి రోజే ఒక మాటన్నాడు.

"అన్నా, గిది పని చెప్పే భాష గాదు. ముందుగాల ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి అని రాస్తరు సూడు, గట్ల రాయొద్దు. ఏది ఎట్ల ఉండాల్నో చెప్పాలె, గంతే. లైన్లన్ని ఒక్కసారే నిజం. పైన రాసినా, కింద రాసినా ఒకటే."

నాకది వింతగా అనిపించింది. మా ఫ్యాక్టరీలో టీ కూడా హోదా చూసి పోసేవారు. పైలైనూ కిందిలైనూ ఒకటే అయిన చోటు ఒకటి ఉందని, అదీ వేలిగోరంత ఉందని, అప్పుడే తెలిసింది. ఇంకో వింత, చిప్‌లో తీర్పు చెప్పే ఒక్కో ముక్కను గేటు అంటారు, ఆ గేటుకు "చాలా" తెలియదు, "దాదాపు" తెలియదు. ఉంది, లేదు, అంతే. నాలాంటి వాడు గొంతు చించుకుని ఎంత పెంచి చెప్పినా దాని చెవికి ఉంది అనే వినపడుతుంది. నా జన్మలో నేను ఉన్నది ఉన్నట్టు మాట్లాడిన భాష అదొక్కటే.

గేట్లు అర్థం కావడానికి నాకు పుస్తకం అక్కర్లేకపోయింది. పటాన్‌చెరులో ఎక్కే షేర్ ఆటో చాలు. సీట్లన్నీ నిండితేనే కదులుతుంది, డ్రైవర్ పక్కన సగం కూర్చునే వాడితో సహా. ఒక్కడు తక్కువైనా కదలదు. అది అండ్ గేటు. కదిలాక లోపలున్న వాళ్ళలో ఎవరు "ఆపు" అన్నా ఆగుతుంది. అది ఆర్ గేటు. ఇక నాట్ గేటంటే మా షిఫ్ట్ ఇన్‌చార్జి. ఆయన "అయితది" అంటే కాదని అర్థం.

నేను రాసింది రెండంటే రెండు లైన్లు. వాల్వ్ అనేది కవ్వం అండ్ నీళ్ళు అండ్ నాట్ వేడి, అని ఒకటి. హూటర్ అనేది వేడి, అని రెండోది. హూటర్ అంటే షెడ్డు నెత్తిన ఉండే ప్రమాదం కూత. వేడి హద్దు దాటితే అది మోగాలి. అంతే. పటాన్‌చెరులో రేకుల షెడ్డులో సర్క్యూట్ కార్డులు చేసే ఒకాయనతో చిప్‌కు కార్డు చేయించి, మేనేజర్ కంప్యూటర్ నుంచి ఆ రెండు లైన్లూ చిప్‌లోకి ఎక్కించి, స్టీలు పెట్టెలో పెట్టి బిగించాం. తాళం మేనేజర్ దగ్గర.

దొంగ సాక్ష్యాలు ఆగిపోయాయి. వారాల తరబడి వాల్వ్ ఊరికే మూసుకున్న పాపాన పోలేదు. మేనేజర్ నా భుజం తట్టాడు. ఆ రాత్రి మా అమ్మ చుట్టాలందరికీ కబురు పంపడానికి లేస్తే నేనే ఆపాను.

ఎండాకాలం వచ్చింది. బోర్లు అడుగంటాయి. ఇప్పుడు నీళ్ళు నిజంగానే ఆగిపోయేవి, పెట్టె నిజంగానే వాల్వ్ మూసేది. మా బావ అలవాటుగా జేబులోంచి సర్పంచ్‌ను తీశాడు. ఎక్కడ తగిలించాలి? నున్నటి స్టీలు పెట్టె. బోడిగుండులో పేలు వెతికినట్టు దాన్ని నాలుగు పక్కలా తడిమాడట. తీగకు చోటే లేదు. షిఫ్ట్ ఇన్‌చార్జి వచ్చి పదిమంది ముందు తిట్టాడు.

ఆ వారం ఆఫ్ రోజున అక్కా బావా మా ఇంటికి వచ్చారు. కోడికూర. బావ ముక్క కొరుకుతూ మొదలుపెట్టాడు.

"ఏంరా బామ్మర్ది, పెట్టె నోరు గుట్టేసినవట?"

"నోరు గాదు బావా. నీ చెయ్యి దూరకుంట మూసిన."

"రాసెటోనివి నువ్వు. తిట్లు తినెటోన్ని నేను. మంచిగున్నది."

"నీళ్ళు లేకుంట యాసిడ్ పోస్తే గంగాళం నీ మీదికే ఎగదన్నుతది. నీ కోసమే మూసిన."

"ఇన్నేండ్ల సంది పోస్తనే ఉన్న. తన్నిందా?"

"ఇంక లేదు."

"గదే మల్ల. అంత పెద్ద పెట్టెల రెండే లైన్లు రాసినవట గదా. ఇంకో ముక్క రాస్తే నీ సొమ్మేం బోతది?"

మా అక్క గరిటె పట్టుకుని మధ్యలోకి వచ్చింది. "తినుండ్రి ఇద్దరు. ఫ్యాక్టరీ ఏడికి పోదు. కూర సల్లారుతది."

బావ అడిగిన ఇంకో ముక్క మరుసటి వారం ప్రొడక్షన్ మేనేజర్ నోటి నుంచి వచ్చింది. గుంటూరు వైపు మనిషి, మాట మెత్తగా ఉంటుంది. సరుకు కొనే విదేశీ కంపెనీ వాళ్ళు చూడటానికి వస్తున్నారని, వాళ్ళ ముందు బ్యాచ్ ఆగితే పరువు పోతుందని చెప్పాడు.

"ఒక తాళం స్విచ్చి పెట్టవయ్యా. తాళంచెవి నా జేబులో ఉంటుంది. తిప్పితే మిగతా వాటితో పని లేకుండా వాల్వ్ తెరుచుకోవాలి. ఎంత పని అది?"

ఎంత పనో నాకు తెలుసు. మొదటి లైను చివర ఆర్ తాళం అని రాయాలి. అంతే. కానీ ఆ ఒక్క ముక్కతో ముందున్న కవ్వం, నీళ్ళు, వేడి, మూడూ సభలో పిలవని చుట్టాల్లాగా మిగిలిపోతాయి. పెట్టె పెట్టెగానే ఉంటుంది, లోపల సర్పంచ్ కూర్చుంటాడు. ఈసారి బొట్టు కూడా అక్కర్లేదు, ఆయనకు ఆఫీసు తాళంచెవి ఉంది.

"సార్, ఆర్ పెడితే మిగిలినయన్ని ఉన్నా లేనట్టే" అన్నాను.

"నీకు పర్మనెంట్ కావాలా వద్దా?"

నేను మా మేనేజర్ వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూశాడు.

"పెడ్త సార్. తాళం తిప్పినప్పుడు హూటర్ గూడ మోగేటట్టు పెడ్తున్న. లోపలున్నోళ్ళు బయటికి రావాలె గదా."

ఆయన అప్పటికే ఫోను ఎత్తాడు. "ఏం రాసుకుంటావో రాసుకో. తిప్పితే వాల్వ్ తెరవాలి, అంతే."

ఆయన ఒక ఆర్ అడిగాడు, నేను రెండు రాశాను. మొదటి లైనులో ఒకటి, హూటర్ లైనులో ఒకటి. వేడి ఎక్కినా మోగుతుంది, తాళం తిప్పినా మోగుతుంది.

విదేశీయులు వచ్చారు. ముగ్గురు, ముగ్గురికీ కొత్త హెల్మెట్లు. రియాక్టర్ ముందు నిలబడి ఉండగానే నీళ్ళు ఆగిపోయాయి, వాల్వ్ మూసుకుంది. ప్రొడక్షన్ మేనేజర్ చిరునవ్వు చెదరకుండా జేబులోంచి తాళంచెవి తీసి తిప్పాడు.

హూటర్ మోగింది. ఎంత గట్టిగా అంటే, జిన్నారం సంతలో బేరం కుదిరిన ఎడ్లు బేరం చెడగొట్టుకుని పారిపోయాయి. మా చుట్టుపక్కల బర్రెలు వారం రోజులు పాలు ఇవ్వలేదు, నేరుగా పెరుగే ఇచ్చాయి. హూటర్ మోగితే చేతిలో పని అక్కడే వదిలి గేటు దగ్గర వరసగా నిలబడాలని ఫ్యాక్టరీ కట్టడి. అందరూ పరుగెత్తారు. క్యాంటీన్ వంటాయన గరిటెతో వచ్చాడు, గరిటెలో సాంబారు కూడా ఒలకలేదు. విదేశీయులను కూడా లాక్కొచ్చి వరసలో నిలబెట్టారు. ప్రొడక్షన్ మేనేజర్ కూడా వచ్చేశాడు, తాళంచెవి స్విచ్చిలోనే వదిలేసి.

హూటర్ ఆగడం లేదు. తాళం అలాగే ఉంది, అంటే యాసిడ్ పడుతూనే ఉంది. నీళ్ళు లేవు. లోపలికి వెళ్ళి ఎవరో తిప్పాలి. ప్రొడక్షన్ మేనేజర్ వరస వెంట చూపు నడిపించి మా బావ దగ్గర ఆపాడు.

బావ వెళ్ళాడు. మూతికి దస్తీ కట్టుకుని పరుగెత్తాడు. హూటర్ ఆగింది. ఇంకాసేపటికి బావ వచ్చాడు. కళ్ళు మిరపకాయల్లా ఉన్నాయి, దగ్గు ఆగడం లేదు. విదేశీయుల్లో పెద్దాయన గడియారం చూసుకుని, ఇంత బాగా ప్రమాదపు డ్రిల్ చేసిన ఫ్యాక్టరీని తాను చూడలేదని ప్రొడక్షన్ మేనేజర్ చెయ్యి పట్టుకుని ఊపాడు. అందరం చప్పట్లు కొట్టాం. దగ్గుతూనే మా బావ కూడా కొట్టాడు.

కార్లు వెళ్ళిపోయాక చిరునవ్వు కూడా వెళ్ళిపోయింది.

"ఎవడు కలిపాడురా తాళానికి హూటర్?"

మా బావ దగ్గు ఆపుకుని చెప్పాడు. "మా బామ్మర్ది సార్. పెట్టెల రాతలన్ని వానియే."

ప్రొడక్షన్ మేనేజర్ నా వైపు తిరిగాడు. "నేను అడిగిందేంటి, నువ్వు చేసిందేంటి?"

"ముందుగాలనే చెప్పిన సార్, హూటర్ గూడ పెడ్తున్న అని."

"చెప్పావు. నేను విన్నానా?"

"ఇనలేదు సార్."

"వింటేనే చెప్పినట్టు."

అదీ అండ్ గేటే. నేను చెప్పడం, ఆయన వినడం. ఒకటి లేకపోతే జవాబు సున్నా.

సాయంత్రం గేటు దగ్గర కాంట్రాక్టర్ చెయ్యి చాపాడు. "పాసు గిట్ల ఇయ్యి. రేపటికెల్లి రాకు."

"ఎందుకు సేట్?"

"మీదికెల్లి చెప్పిన్రు."

"ఏమని చెప్పిన్రు?"

"రాకు అని చెప్పిన్రు. ఇంకేం జెప్తరు?"

మా మేనేజర్ స్కూటర్ ఆపి, "నేను రాద్దామనే అనుకున్నానయ్యా" అన్నాడు. హెల్మెట్‌లోంచి అన్నాడు కాబట్టి ఆయన ముఖం ఎలా ఉందో చెప్పలేను.

నేను రోడ్డెక్కబోతుంటే వెనక నుంచి బావ వచ్చాడు. డిపార్ట్‌మెంట్‌లో మరిచిపోయిన నా టిఫిన్ డబ్బా చేతిలో ఉంది. కళ్ళు ఇంకా నీళ్ళు కారుతున్నాయి. "నువ్వు రాసిందే సరిరా" అన్నాడు. "భయానికి నీ పేరు చెప్పిన. మనసుల పెట్టుకోకు." బస్సు కదులుతున్నా ఎక్కకుండా నాతో పాటు షేర్ ఆటో కోసం నిలబడ్డాడు. ఆటో నిండేదాకా నా డబ్బా ఆయనే పట్టుకున్నాడు.

మర్నాడే హూటర్ తీగను కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించారట. పెట్టెలో నేను రాసిన రెండు లైన్లూ అలాగే ఉన్నాయి. రెండో లైను ఇప్పటికీ మోగమని చెబుతూనే ఉండి ఉంటుంది, తెగిన తీగకు.

గంగాళం పేలిందా అని మీరు అడుగుతారు. పేలలేదు. నా కడుపుమంట అదే. పేలి ఉంటే పేపర్లో పడేది, ఎవరో ఒకరు నా లైను సరైందని చెప్పేవారు. పేలకపోవడంతో వాళ్ళే గెలిచారు. తాళంచెవి ప్రొడక్షన్ మేనేజర్ జేబులోంచి షిఫ్ట్ ఇన్‌చార్జి జేబులోకి, అక్కడి నుంచి స్విచ్చిలోకి చేరి, తుప్పు పట్టి అక్కడే ఉండిపోయిందని విన్నాను. మా బావకు ఉత్తమ ఆపరేటర్ అని షీల్డు ఇచ్చారు. ఆ షీల్డు పక్కనే కూర్చుని అన్నం తింటాడు. పప్పు మాడినా ఆయనకు తెలియదు. ముక్కుకు వాసన తెలియడం పోయి చాలా ఏళ్ళయింది. పాలు విరిగాయో లేదో మా అక్కే చూసి ఇస్తుంది. నేను పటాన్‌చెరులో ఇన్వర్టర్లు బాగుచేసుకుని బతికాను. మా అమ్మ చివరి దాకా "ఇంక కాలే" అనే చెప్పింది.

ఇప్పుడు తరుగు సంగతి. కాకులను కాస్త ఎర్రగా చేశాను, బర్రెలతో పెరుగు నేనే పెట్టించాను, అమీర్‌పేట గదిలో రెండు వందల మంది ఉండరు. అవి మీరు ఎలాగూ తీసేసే ఉంటారు. కానీ నేను నిజంగా కల్పించింది ఒక్కటే ఉంది, అది మీరు నమ్మి ఉంటారు. బావ గేటు దగ్గరికి రాలేదు. టిఫిన్ డబ్బా సెక్యూరిటీ అతను తెచ్చిచ్చాడు. నేను ఆటో కోసం నిలబడి ఉంటే కంపెనీ బస్సు ఎప్పటిలాగే పోయింది, కిటికీ పక్కన బావ ఉన్నాడు, చెయ్యి ఊపలేదు. "నువ్వు రాసిందే సరిరా" అన్న మాట నేనే తయారుచేసి ఆయన నోట్లో పెట్టుకున్నాను. ఇంట్లో పదిమందిలో ఈ కథ చెప్పేటప్పుడు ఆ ముక్క కూడా చెబుతాను. బావ పక్కనే కూర్చుని వింటాడు. కాదనడు. ఔనని కూడా అనడు.